పిల్లల కాలేయం గురించి కొత్త డాక్టర్లకు

2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పిల్లలకు ఏ పెద్ద జబ్బు చేసినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దారి పట్టిన జిల్లాలివి. అక్కడ ఓపీలో కూర్చునే యువ డాక్టర్లకు, పిల్లల వైద్యంలో తల నెరిసినవాడిగా ఈ నాలుగు మాటలు.

1. ల్యాబ్ రిపోర్టులో అచ్చేసిన హద్దును నమ్మి ఊరుకోకండి. ఎస్‌జీపీటీ పక్కన 40 దాకానో 45 దాకానో నార్మల్ అని ఉంటుంది. అది పెద్దవాళ్లది. పిల్లల కాలేయ నిపుణులు పాటించే హద్దు మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22. పదకొండేళ్ల బొద్దు పిల్లవాడికి 38 వచ్చిందనుకోండి. కాగితం మీద చుక్క గుర్తు కూడా ఉండదు. ‘అంతా మంచిగనే ఉందా సారూ’ అని తల్లి అడుగుతుంది, ‘నార్మలే’ అని మన నోటికి వచ్చేస్తుంది. ఆ మాట విన్న కుటుంబం మళ్లీ ఏళ్ల తరబడి పరీక్ష జోలికి రాదు. హద్దుకు రెండింతలు దాటి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే కారణం పూర్తిగా వెతకాలి. 80 దాటితే అసలు ఆగొద్దు.

2. మెడ చూడండి. మన జిల్లాల్లో రక్తహీనతనూ బక్కతనాన్నీ వెతకడానికి అలవాటుపడిన కళ్లు మనవి. ఒళ్లున్న పిల్లవాడు కనిపిస్తే ఆరోగ్యంగా ఉన్నాడనుకుంటాం. మెడ వెనక చర్మం నల్లబడి, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంటుంది. తల్లి దాన్ని మురికనుకుని సబ్బుపెట్టి రుద్దుతూ ఉంటుంది, ఒక్కోసారి ఎర్రగా కందేదాకా. అది మురికి కాదని, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని ఆమెకు చెప్పండి. ఎత్తు, బరువు కొలిచి బీఎంఐని ఐఏపీ చార్టులో పెట్టండి. ఊబకాయం ఉంటే కాలేయంలో కొవ్వు చేరి ఉండొచ్చు, అందుకే తొమ్మిది, పదకొండేళ్ల మధ్యే ఎస్‌జీపీటీ చేయించండి.

3. ‘తాగనోని లివర్ల కొవ్వెట్ల పడతది సారూ?’ అని తండ్రి అడిగితే కసరొద్దు; వైద్యానికే ఇది ఆలస్యంగా తెలిసింది. తాగనివాళ్ల ఈ జబ్బుకు వైద్యులు పేరు పెట్టింది 1980లో. పిల్లల్లో చూసి రాసింది 1983లో. ఎయిమ్స్ డాక్టర్లు మన దేశపు అధ్యయనాలను కలిపి 2022లో ప్రచురించిన లెక్కలో పిల్లల్లో సుమారు 35 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది.

4. అల్ట్రాసౌండ్ బాగుందని ధీమా పడకండి. కొవ్వు కొద్దిగా ఉంటే స్కాన్‌లో కనిపించదు.

5. సన్నగా ఉన్న పిల్లకు ఎంజైములు పెరిగితే ఫ్యాటీ లివర్ అని రాసి పంపేయకండి. విల్సన్ జబ్బులో రాగి పేరుకుని కాలేయం ఇలాగే కనిపిస్తుంది. దానికి మందు ఉంది; ఆలస్యమైతే మెదడుకూ దెబ్బ. సెరులోప్లాస్మిన్, కంటి పరీక్ష, హెపటైటిస్ బి, సి చూడాల్సిందే.

6. ఫ్యాటీ లివర్ అని తేలితే లివర్ టానిక్ సీసా రాసి చేతులు దులుపుకోకండి. 2019లో అమెరికాలో 40 మంది కుర్రాళ్లపై జరిగిన ట్రయల్‌లో, ఇంటిల్లిపాదికీ చక్కెర తగ్గించిన వంట పెట్టిన ఇళ్ల కుర్రాళ్లకు 8 వారాల్లో కాలేయపు కొవ్వు 25 శాతం నుంచి 17కు దిగింది. కాబట్టి కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు ఇంట్లోకే రాకూడదని తల్లిదండ్రులిద్దరికీ చెప్పండి. పిల్ల గురుకులంలో ఉంటే వార్డెన్‌కు చీటీ రాయండి. మూడు నెలల తర్వాత రావాల్సిన తారీఖు ఆ చీటీ మీదే వేయండి.