పెద్దచెరువు చూడటానికి పోతున్నారా?

శేరిగూడ కాలేజీల పిల్లలకు ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కూతవేటు దూరం. కుతుబ్ షాహీల కాలం నాటి చెరువు. వానలు బాగా పడిన ఏడాది చూసి తీరాల్సిందే. అయితే చూపు కట్ట మీద నుంచే. ఒడ్డున లోతు ఉండదనే ధైర్యమే ఎక్కువమందిని ముంచుతోంది.

చేయకూడనివి

ఈత వచ్చినా సరే, నీళ్లలోకి దిగకండి. చెరువు ఎండినప్పుడు ఒండ్రు, మొరం తవ్వుకుపోయిన గుంతలు నీళ్లు నిండాక పైకి కనిపించవు. మోకాళ్ల లోతులో నిలబడ్డ మనిషి మరో అడుగు వేస్తే నిలువులోతు. కింద బురద కాలిని పట్టేస్తుంది, తడిసిన జీన్స్ బరువెక్కుతుంది, చేపల వలలు, తీగనాచు కాళ్లకు చుట్టుకుంటాయి. 2025 జనవరి 11న కొండపోచమ్మ సాగర్‌లో దిగిన హైదరాబాద్ కుర్రాళ్లు ఏడుగురిలో ఐదుగురు తిరిగి రాలేదు.

మునిగేవాడి కోసం దూకకండి. ప్రాణభయంతో వాడు మీ మెడను పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు. స్నేహితుడు కళ్ల ముందు మునుగుతుంటే ఆగడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఆగాలి.

మత్తడి దుంకుతున్నప్పుడు దాని మీద నడవకండి. పాకురు పట్టిన రాయి మీద చెప్పు నిలవదు, చీలమండ లోతు ప్రవాహం చాలు పడేయడానికి. తూము దగ్గర నీరు పైకి నిలకడగా ఉన్నా లోపలికి లాగుతుంది. సెల్ఫీ కోసం నీళ్లకు వీపు పెట్టి వెనక్కి జరగొద్దు. తాగి వెళ్లొద్దు.

తెల్లవారుజామున, చీకట్లో కట్ట వెంట కారు తోలొద్దు. 2024 డిసెంబర్ 7న భూదాన్ పోచంపల్లి మండలం జలాల్‌పూర్ చెరువులోకి కారు దూసుకుపోయి ఐదుగురు యువకులు చనిపోయారు, ఒక్కడే బతికాడు. కారు నీళ్లలో పడితే ఫోన్ వెతుక్కోవద్దు. బెల్టు తీసి, అద్దం దించి, కిటికీలోంచి బయటపడాలి. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. మొదటి నిమిషమే కీలకం.

చేయవలసినవి

వెలుతురు ఉండగానే వెళ్లి, పొద్దుగూకే లోపు బయల్దేరండి. ఎక్కడికి పోతున్నారో ఇంట్లోనో హాస్టల్లోనో ఒకరికి చెప్పండి. చేపలు పట్టేవాళ్లు కనిపిస్తే, "అన్నా, ఇక్కడ లోతెంత?" అని అడగండి, గుంతలు ఎక్కడున్నాయో వాళ్లకు తెలుసు. ఉరుములు మొదలైతే ఒడ్డునా చెట్టు కిందా నిలబడకుండా వెంటనే కారులోకో పక్కా ఇంట్లోకో వెళ్లండి.

బండిలో ఒక తాడు, ఐదు లీటర్ల ఖాళీ డబ్బా ఉంచుకోండి. డబ్బాలో గ్లాసెడు నీళ్లు పోసి, మూత బిగించి, పిడికి తాడు కట్టండి. ఆ కొద్ది బరువుతో గాలికి పక్కకు పోకుండా దూరం పడుతుంది, నీళ్లలో తేలుతుంది. మునిగేవాడి అవతలికి విసిరి మెల్లగా ఇటు లాగాలి. తాడు లేకపోతే చున్నీలు ముడేసి, బోర్లా పడుకుని అందించండి. ఈలోపు ఒకరు 112కో, 108కో ఫోన్ చేయాలి.

బయటికి తీసినవాడి కడుపు నొక్కి నీళ్లు కక్కించొద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆగితే ముక్కు మూసి నోటితో గాలి ఊదండి, ఛాతీ మధ్యలో నిమిషానికి వంద నుంచి నూటఇరవై సార్లు గట్టిగా అదమండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని "బానే ఉన్నా" అన్నా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. లోపలికి పోయిన నీళ్ల వల్ల కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం మొదలవ్వొచ్చు.