పాత జీపు కమాన్ల మరమ్మతు: గతుకుల బాటలో వినవచ్చు చప్పుళ్లకు ఇంటివద్దనే నివారణ



ఎడ్లబండి తోలిన వానికి చప్పుళ్ల అర్థము ఒకరు నేర్పనక్కరలేదు. ఇరుసు కీచుమన్నచో కందెన తరిగినదనియు, చక్రము లొడలొడలాడినచో సీల వదులైనదనియు బండి దిగకయే చెప్పగలడు. అదే రైతు పాత జీపు కొన్న పిమ్మట, గతుకు దాటినప్పుడెల్ల క్రింద ఠంగుమని చప్పుడు వినవచ్చినను, “పాత బండి గదా, చప్పుడు చేయక మానునా?” అని ఊరకుండును. లేక ఎవరో చెప్పిరని షాక్ అబ్సార్బర్లు నాలుగును కొని తెచ్చి బిగించును. డబ్బు ఖర్చగును గాని చప్పుడు పోదు. ఏలయన, చప్పుడు చేయుచున్నది వేరొక భాగము.

జీపు చప్పుడునకు కూడ ఒక స్థానమును, ఒక కారణమును ఉండును. ఇనుము ఇనుమును కొట్టుకొన్నప్పుడే ఠంగుమను చప్పుడు పుట్టును. అట్లు కొట్టుకొనవలెనన్న ఎచ్చటనో సందు ఏర్పడి యుండవలెను. ఆ సందును ముందుగా కనిపెట్టి, పిదప సామాను కొనుటయే ఈ పాఠము యొక్క సారాంశము.

ఏ బండ్లకు ఇది వర్తించును?

ముందు వెనుకల నాలుగు చక్రములకును కమాను కట్టలు గల పాత జీపులకు ఈ పద్ధతి వర్తించును. మన దేశమున మహీంద్రా సంస్థ 1940ల చివరి భాగమునుండి విల్లీస్ జీపులను కూర్చసాగెను. తరువాత వచ్చిన జీపులలో పెక్కింటికి ఇదే కమాను ఏర్పాటు ఉండెను. 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్ కారు వెనుక కమాన్లకు కూడ ఈ మాటలు సరిపోవును. కాని ఆ కారు ముందు భాగమున కమాన్లకు బదులు మెలిపెట్టబడిన టార్షన్ బార్లు గలవు. అవి బలమైన బిగువుతో నుండును గాన, తగిన సాధనములు లేక ఇంటివద్ద వానిని విప్పబూనుట ప్రమాదకరము.

కమాను కట్ట యెట్లు పనిచేయును?

కమాను కట్టలో పొడవు క్రమముగా తగ్గుచు పోవు ఉక్కు పట్టీలు ఒకదానిపై నొకటి పేర్చబడి యుండును. అన్నిటికంటె పొడవైనది ప్రధాన పట్టీ. దాని రెండు కొనలును గుండ్రముగా చుట్టబడి ‘కన్ను’ వలె నుండును. ఒక కన్ను ఛాసిస్‌కు నేరుగా బోల్టుతో బిగింపబడును. రెండవ కన్ను షాకిల్ అను ఊగెడు లింకుతో కలుపబడును. బరువు పడినప్పుడు వంగిన కమాను సాగి పొడవగును. ఆ పొడవునకు చోటిచ్చుటకే షాకిల్ ఊగును. కన్నులలో రబ్బరు లేక లోహపు బుష్షులుండును.

పట్టీల నడుమ సెంటర్ బోల్టు ఒకటి గలదు. దాని తల ఇరుసు దిమ్మెలోని రంధ్రమున కూర్చొని, ఇరుసును ముందుకు వెనుకకు జరుగకుండ నిలుపును. యూ-బోల్టులు ఇరుసును కమానుతో కలిపి గట్టిగా పట్టుకొనును. యూ-బోల్టులు వదులైనచో భారమంతయు సెంటర్ బోల్టుపై పడి అది తెగిపోవచ్చును. అది తెగినచో ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జరిగి, బండి స్టీరింగునకు లొంగక ప్రక్కకు లాగును. నిండు బరువుతో కాలువ గట్టుపై పోవుచుండగా ఇట్లు జరిగినచో ఏమగునో మీరే ఊహింపగలరు. కావున ఈ చప్పుడు చెవికి చికాకు మాత్రమే కాదు, ముందుగా వచ్చిన హెచ్చరిక.

చప్పుడు స్థానమును కనిపెట్టుట

మొదట బండిలోని పారలు, గొలుసులు, జాకీ, నీళ్ల డబ్బా దింపివేయుడు. విడి చక్రమును, చక్రముల నట్లను, వెనుక కొక్కెమును బిగించి చూడుడు. కొన్ని చప్పుళ్లు ఇంతటితోనే పోవును. తరువాత ఈ క్రింది గుర్తులు గమనించుడు.

నెమ్మదిగా పోవుచు చిన్న గతుకు దాటినప్పుడు ఠక్కుమన్నచో షాకిల్ బుష్షులను, షాక్ అబ్సార్బరు కన్నులలోని రబ్బర్లను అనుమానింపుడు. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి ఠంగుమన్నచో యూ-బోల్టులను, సెంటర్ బోల్టును చూడుడు. క్లచ్చి వదలి బండి కదలునప్పుడు, లేక గేరు మార్చునప్పుడు మాత్రమే చప్పుడైనచో అది కమానుది కాకపోవచ్చును. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగి యుండవచ్చును. నిలిచిన బండిలో స్టీరింగు అటునిటు త్రిప్పినప్పుడు చప్పుడైనచో టై రాడ్ కొనలను పరీక్షింపుడు.

పిమ్మట బండిని సమతలముపై నిలిపి, ఒకరు బంపరు పట్టి ప్రక్కకు ఊపుచుండగా మరియొకరు ప్రక్కనుండి వంగి టార్చిలైటు వేసి చూడవలెను. కన్నునకు, షాకిల్‌కు నడుమ కదలిక కనిపించినచో బుష్షు అరిగినట్లే. గడ్డపలుగు కొనను షాకిల్ ప్రక్క నుంచి మెల్లగా ఎత్తినచో సందు ఇంకను స్పష్టముగా తెలియును. సందులలో వ్రేళ్లు పెట్టరాదు. యూ-బోల్టుల వద్దను, పట్టీల నడుమను ఎఱ్ఱని తుప్పు పొడి చారలుగా రాలియున్నచో, అచ్చట ఇనుము రాపిడి పొందుచున్నదని గుర్తు.

షాక్ అబ్సార్బరు ప్రక్కన నూనె కారి మట్టి అంటుకొనియున్నచో అది చెడినది. బండి మూలను గట్టిగా నొక్కి వదలినప్పుడు ఒకటి రెండు ఊపులతో నిలువక ఊగుచుండినను అంతే. ఈ గుర్తులు లేనిచో దానిని మార్చనక్కరలేదు; దాని కన్నులలోని రబ్బర్లు మార్చిన చాలును.

ముందుగా ప్రాణరక్షణ

పాత జీపులలో పెక్కింటికి చేతిబ్రేకు చక్రములపై గాక, గేరు పెట్టె వెనుక షాఫ్టుపై పనిచేయును. అట్టి బండిలో వెనుక చక్రము ఒకటి నేల విడిచినంతనే, చేతిబ్రేకు వేసియున్నను బండి దొర్లిపోగలదు. లేచిన చక్రము ఒకవైపు తిరుగగా, నేలపై నున్న చక్రము రెండవవైపు తిరుగుటయే దీనికి కారణము. కావున నేలపై నున్న చక్రములకు ముందు వెనుకల రెండు ప్రక్కలను అడ్డురాళ్లు పెట్టక జాకీ ముట్టరాదు.

గట్టి, చదునైన నేలనే ఎన్నుకొనుడు. మెత్తని నేలలో జాకీ క్రింద వెడల్పైన మందపు పలక వేయుడు. బండి ఎత్తిన వెంటనే ఛాసిస్ క్రింద రెండు ప్రక్కల ఇనుప స్టాండులు గాని, అడ్డముగా పేర్చిన గట్టి చెక్క దిమ్మెలు గాని నిలుపుడు. ఇటుకలు పేర్చరాదు, అవి చెప్పకయే పగులును. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. జాకీ ఒక్కదానిపై నిలిచిన బండి క్రింద తల పెట్టుట ప్రాణముతో చెలగాటము.

విప్పుట

ఒక్కసారి ఒక్క కమానునే విప్పుడు. రెండవ ప్రక్క కమాను ఇరుసును స్థానమున నిలుపును. ఏ ముక్క ఎట్లు అమరవలెనో చూచుకొనుటకు మాదిరిగా కూడ పనికివచ్చును.

ముందునాడే బోల్టులను తీగె బ్రష్షుతో తోమి, నట్లపై కొంచెము డీజిలు పోసి రాత్రంతయు నాననిండు. చక్రము ఊడదీసి, ఇరుసు క్రింద రెండవ జాకీ ఆనించుడు. ఇరుసు బరువు బ్రేకు గొట్టముపై వ్రేలాడరాదు. షాక్ అబ్సార్బరు క్రింది కొన విప్పి, తరువాత యూ-బోల్టుల నట్లు, ఆ పిదప కన్నుల బోల్టులు తీయుడు. కొన్ని పాత జీపుల షాకిళ్లు మరలు గల యూ ఆకారపు కడ్డీలుగా నుండును. వానిలో కొన్నింటికి ఎడమ మరలుండును. త్రిప్పినను రానిచో బలవంతము చేయక, మర ఎటు పోవుచున్నదో చూచి త్రిప్పుడు.

శుభ్రపరచుట, పరీక్షించుట

పట్టీలు విడదీయుటకు ముందు కట్టను సెంటర్ బోల్టునకు ఇరుప్రక్కల రెండు సి-క్లాంపులతో బిగించి, తరువాతనే సెంటర్ బోల్టు తీయవలెను. క్లాంపులు లేక తీసినచో పట్టీలు ఎగిరి దెబ్బ తగులును. పిదప క్లాంపులను సమముగా, కొంచెము కొంచెముగా వదలుడు.

ప్రతి పట్టీని తోమి పగుళ్లకై వెదకుడు. పగులు సాధారణముగా సెంటర్ బోల్టు రంధ్రము వద్దను, కన్ను మెడ వద్దను పుట్టును. పగిలిన పట్టీని వెల్డింగు చేయించరాదు. వేడిచే ఉక్కు పదును పోయి, అతుకు ప్రక్కనే మరల విరుగును. అదే కొలతగల కొత్త పట్టీ వేయవలెను. కమాను వంపు తగ్గి చదునైనచో రెండు ప్రక్కల కమాన్లను కలిపి కమాన్లు చేయువాని వద్ద సరిచేయించుడు. ఒక ప్రక్క మాత్రము సరిచేసినచో బండి ఒరిగి నిలుచును.

పట్టీల నడుమ గ్రాఫైటు గ్రీజు పలుచగా పూసి, కొత్త సెంటర్ బోల్టుతో కట్టను కూర్చుడు. పాత బోల్టు చూపునకు బాగున్నను మరల వాడకుడు.

బుష్షులు మార్చుట

రెండు ముక్కల రబ్బరు బుష్షులు చేతితోనే ఎక్కును. వానికి గ్రీజు గాని నూనె గాని పూయరాదు. రబ్బరు ఉబ్బి చెడును. సబ్బు నీరు చాలును. ఇనుప తొడుగు గల బుష్షులను వైసులో నొక్కి గాని, పొడవైన బోల్టు, గొట్టపు ముక్క, వాషర్ల సాయముతో లాగి గాని మార్చవచ్చును. పాతది కదలనిచో తొడుగును రంపపు బ్లేడుతో నిలువుగా, కన్ను గీసుకొనకుండ కోసి తీయుడు. రబ్బరును కాల్చి తీయు అలవాటు మానవలెను. దాని పొగ హానికరము, ఆ మంటకు కన్ను పదును కూడ పోవును. లోహపు బుష్షులు గల మర షాకిళ్లకు మాత్రము గ్రీజు తప్పనిసరి. వానిని బిగిసిపోవునట్లు గాక, ఊగుటకు వీలుగా అమర్చి, కొత్త గ్రీజు బయటికి వచ్చువరకు ఎక్కింపుడు.

తిరిగి కూర్చుట, చివరి బిగింపు

కమానును స్థానమున పెట్టి, సెంటర్ బోల్టు తల ఇరుసు దిమ్మె రంధ్రములో సరిగా కూర్చొన్నదని కంటితో చూచిన పిమ్మటనే యూ-బోల్టులు వేయుడు. యూ-బోల్టులు కొత్తవి వేయుట మేలు. ఒకసారి సాగిన బోల్టు మరల గట్టిగా పట్టదు. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపుడు.

రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రము ఈ దశలో వ్రేళ్ల బిగువుగానే ఉంచుడు. చక్రములు వేసి, బండిని నేలపై దింపి, ముందుకు వెనుకకు కొంచెము త్రోసి, బరువంతయు కమాన్లపై పడిన తరువాతనే వానిని గట్టిగా బిగింపవలెను. ఇంటి మరమ్మతులలో ఎక్కువగా జరుగు పొరపాటు ఇచ్చటనే గలదు. గాలిలో వ్రేలాడు కమానుకు బిగించినచో, బండి దింపగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడును ఆ మెలితోనే యుండి త్వరలో చిరుగును. అప్పుడు చప్పుడు తిరిగి వచ్చును, నింద బుష్షు అమ్మినవానిపై పడును.

చివరగా ముందు చక్రములు తిన్నగా నుంచి, ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసు వరకు రెండు ప్రక్కల టేపుతో కొలువుడు. రెండు కొలతలును సమానమైనచో ఇరుసులు తమ స్థానముననే యున్నవి. ఎక్కువ తేడా యున్నచో బండి నడుపక, సెంటర్ బోల్టులను మరల చూడుడు.

తరువాతి జాగ్రత్తలు

మొదట ఖాళీ బండిని ఊరి బాటలో మెల్లగా నడిపి, బ్రేకులు సరిగా పట్టుచున్నవో లేదో చూడుడు. సుమారు 500 కిలోమీటర్లు నడచిన పిమ్మట యూ-బోల్టులను తప్పక మరల బిగింపుడు. కొత్త కట్టలో పట్టీలు సర్దుకొనుటచే నట్లు వదులగును. బురదలో నడిచిన తరువాత కమాన్లను కడిగి, గ్రీజు నిప్పుళ్లున్నచో గ్రీజు పెట్టుడు.

బరువు విషయము మరువకుడు. యూరియా బస్తా నేడు 45 కిలోలు. పదునాలుగు బస్తాలు 630 కిలోలు. మనుషులు ఎక్కిన పిదప ఆ బరువు చిన్న జీపు కమాన్లకు మించిన పని. కమాన్లు ఆగునని అదనపు పట్టీలు వేయించుట కూడ సరికాదు. కమాను గట్టిపడినను ఇరుసులు, బ్రేకులు పాతవే గదా! రెండు తడవలు తిరుగుటకగు డీజిలు కంటె విరిగిన కమాను ఖరీదు ఎక్కువ.

ఈ పనికి ఇద్దరు మనుషులు, మామూలు పానాలు, ఒక్కొక్క కమానుకు రమారమి ఒక పూట సమయము చాలును. పగులు, వంపు, మర చెడుట వంటివి కనిపించినచో మెకానిక్కును పిలుచుటకు సంకోచింపకుడు. అప్పుడు కూడ చెడినది యేదో మీరే చూపగలిగినచో, అక్కరలేని సామాను కొనవలసిన పని తప్పును. బండి ఇరుసు చప్పుడు విని కందెన పెట్టిన చెవియే జీపు చప్పుడును కూడ వినవలెను. విన్ననాడే వంగి చూడవలెను.