శాఖానగర వాసము

విద్యార్థులారా! ఒక పట్టణమునకు వెలుపల, దానినే ఆశ్రయించి వెలసిన ఊరికి మన పూర్వులు శాఖానగరమని పేరిడిరి. మూలనగరమునకు వేరై యుండు పురమునకు అమరకోశమున ఈ నామము చెప్పబడియున్నది. ఇది మిగుల సార్థకమైన పేరు. కొమ్మ మ్రానినుండి పుట్టి మ్రానిచేతనే బ్రదుకును. అట్లే శాఖానగరవాసులు ఉదయమున జీవనార్థమై మూలనగరమునకు పోయి, రాత్రి నిద్రకు తమ యిండ్లకు మరలుచుందురు. ఇప్పటివారు దీనినే శివారు కాలనీ యనియు, లేఅవుటు అనియు పిలుచుచున్నారు.

బైరెడ్డిపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి ఇది పుస్తకములోని పాఠము మాత్రమే కాదు. బెంగుళూరు పొరుగు రాష్ట్రపు పట్టణమైనను, మీలో అనేకుల అన్నలును మేనమామలును అచ్చట పనిచేయుచున్నారు. మీలో కొందరు రేపు అచ్చటికి పోవలసినవారే. కావున ఆ శివారులలోని కాపురము ఎట్టిదో, దానికి మనము చెల్లించు మూల్య మేమో ముందుగా తెలిసికొనుట మేలు.

1. శాఖానగరములు పుట్టిన విధము

ఊరిలో చోటు చాలకపోవుట, రోగభయము, ప్రయాణ సౌకర్యము - ఈ మూడును ముఖ్య కారణములు. 1898లో బెంగుళూరున ప్లేగు వ్యాపించి, ఇరుకు పేటలలో అనేకులు మృతిచెందిరి. అంతట గాలియు వెలుతురును గల విశాలమైన వీథులతో మల్లేశ్వరము, బసవనగుడి అను పేటలు వృద్ధిపొందెను. అవి నాడు ఊరివెలుపలివి. నేడు నగరమధ్యమున నున్నవి.

వైట్‌ఫీల్డు చరిత్రయు ఇట్టిదే. 1882లో మైసూరు మహారాజగు చామరాజ ఒడయరు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియనులు సేద్యము చేసికొని బ్రదుకుటకై ఆ పల్లె ఏర్పడెను. నూరేండ్లకు పైగా నెమ్మదిగా నుండిన ఆ చోటికి 1990 తరువాత కంప్యూటరు కంపెనీలు వచ్చి చేరెను. 2007లో బెంగుళూరు నగరపాలక సంస్థను విస్తరింపజేసినప్పుడు చుట్టునున్న 110 పల్లెలు అందు కలిసినవి. రాగిచేలు ఇంటిస్థలములైనవి.

2. రైలుబండి చేసిన మార్పు

నడిచి పోదగినంత దూరమునందే పనియు ఇల్లును ఉండవలెనను కట్టుబాటును తెంచినది రైలుబండి. 1931లో మద్రాసు సముద్రతీరమునుండి తాంబరము వరకు విద్యుద్రైళ్లు నడువసాగెను. ఆ దారి పొడవునను శివారులు పెరిగినవి. హైదరాబాదున 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ప్రారంభమైనవి. మన ప్రాంతమునకు వచ్చినచో, జోలారుపేటనుండి బెంగుళూరు దండునకు 1864లోనే రైలుదారి పడినది. కుప్పము ఆ దారిలోనిదే. కుప్పము, బంగారుపేట, మాలూరు స్టేషనులలో ప్రతిదినమును బెంగుళూరు పనులకు పోవువారిని చూడవచ్చును.

ఈ సందర్భమున కోలారు బంగారుగనుల సంగతి తలపవలెను. ఒకప్పుడు తెలుగువారును తమిళులును పొట్టకూటికై ఆ గనులకు వలసపోయిరి. అది తనంతట తానే మూలనగరము. 2001 ఫిబ్రవరి 28న గనులు మూయబడెను. ఇండ్లు నిలిచినవి, పని పోయినది. ఆనాటినుండి అచ్చటివారు వేలకొలదిగా తెల్లవారుజాము రైళ్లనెక్కి బెంగుళూరునకు పోయి వచ్చుచున్నారు. తనకు స్వంతమైన పని లేని ఊరు దూరపు ఊరికి కొమ్మ యగుట తప్పదని దీనివలన గ్రహింపవలెను.

3. కాలపు లెక్క

ఇక లెక్క చేయుదము. పోవుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు అనుకొనుడు. నెలకు 25 దినములు పనియైనచో 100 గంటలు. ఏడాదికి 1,200 గంటలు. దానిని 24 చేత భాగింపగా 50 అహోరాత్రములు వచ్చును. ముప్పది యేండ్ల ఉద్యోగమునకు 1,500 దినములు, అనగా నాలుగేండ్లకు మించిన కాలము. ఒకడు తన ఆయువులో నాలుగేండ్లు రాత్రింబవళ్లు బండిలోనే కూర్చుండినట్లు! శివారున ఇంటిధర తక్కువ యని చెప్పువారు ఈ వ్యయమును చెప్పరు.

కొన్ని నెలల క్రిందట నేను ఆ శివారులలో నొకచోట నా పూర్వశిష్యుని యింట రెండు దినములు బసచేసితిని. అతడు మన ప్రాంతపు రైతుబిడ్డ. స్వంత యిల్లు గట్టి, తల్లిని గూడ తెచ్చి పెట్టుకొన్నాడు. పెరటిలో కరివేపచెట్టు, బీరపాదు ఉన్నవి. చూచి సంతసించితిని. అయితే అతడు తెల్లవారకముందే క్యారియరు చేతబట్టుకొని వెడలును. తొమ్మిది దాటిన పిమ్మట ఇల్లు చేరును. నాలుగేండ్ల కూతురు అతడు పోవునప్పుడును నిద్రలోనే యుండును, వచ్చునప్పుడును నిద్రలోనే యుండును. నేను ఆ బిడ్డను "మీ నాయన ఎక్కడమ్మా?" అని అడిగితిని. "నాయన ఆదివారం వస్తాడు" అని ఆ బిడ్డ బదులు చెప్పినది. తండ్రి వేరొక ఊరిలో నుండి వారమున కొకమారు వచ్చుచున్నాడనియే ఆమె తలంపు.

ఆ రాత్రి ఈ మాట అతనితో చెప్పగా కొంతసేపు మిన్నకుండి, "అయ్యవారూ, స్థలము కొన్ననాడు చదరపుటడుగులు లెక్కపెట్టితిని గాని గంటలు లెక్కపెట్టనైతిని" అనెను. నేను అతనికి ఇంటిలెక్కలు నేర్పిన ఉపాధ్యాయుడను. ఈ లెక్క నేర్పలేదే యని నాకును చింత కలిగినది. అందువలననే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

4. నీరును పొరుగును

శివారులలో ఇండ్లు ముందు వచ్చును. నీరు పిమ్మట వచ్చును. బెంగుళూరునకు కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, పల్లమునుండి మెరకకు యంత్రములతో ఎక్కింపవలెను. పూర్వము ఆ పల్లెలకు చెరువులే ఆధారము. మన తాతలు కట్టిన చెరువులవలెనే ఒకదాని మిగులునీరు మరియొకదానికి పారునట్లు అవియు గొలుసుగా నుండెను. కొన్ని పూడినవి, బెల్లందూరు, వర్తూరు చెరువులు మురుగునీటితో నిండి నురుగు గ్రక్కినవి. అందుచేత శివారువాసులు బోరుబావులను, ట్యాంకరులను నమ్ముకొనిరి. 2024 వేసవిలో బోరులెండి జనులు మిక్కిలి కష్టపడిరి. ఆ 110 పల్లెలకు నీరందించుటకై కావేరి అయిదవ దశ పథకము ఆ యేటి అక్టోబరులోనే ప్రారంభమైనది. ఊరు కలిసి పదునేడేండ్లు గడచినను నీటికి కాచియుండవలసి వచ్చెనన్నమాట.

నా శిష్యుని తల్లికి ఒకనాటి మధ్యాహ్నము గుండెనొప్పి వచ్చినదట. కుమారుడు రెండు గంటల దూరమున నున్నాడు. ఎదురింటి కన్నడ యిల్లాలు ఆటో పిలిచి, ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోయి, అతడు వచ్చువరకు ప్రక్కనే కూర్చుండెను. అవ్వకు కన్నడము రాదు, ఆమెకు తెలుగు అంతంతమాత్రమే. అయినను ప్రాణము నిలిచినది. శివారున రాత్రి నిద్రకే యిల్లు చేరువారికి పొరుగువారి పేరైనను తెలియదు. ఆపదలో నగరము రాదు, పొరుగువారే వత్తురు.

5. గ్రహింపవలసిన నీతి

శాఖానగర వాసము చెడ్డదని నేను చెప్పను. స్వంత గూడును, బిడ్డలకు చదువును, వృద్ధులకు చోటును కోరుట న్యాయమే. 2023లో మెట్రో రైలు వైట్‌ఫీల్డు చేరుటవంటి సౌకర్యములచే కొందరి శ్రమ తగ్గినది. అయితే మూడు సంగతులు మరువకుడు. ఇల్లు కొనునప్పుడు ధరతోపాటు దారిని, నీటిని లెక్కింపుడు. చేరిన ఊరి భాష నేర్చుకొనుడు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే గనుక కష్టము లేదు. నిద్రించు ఊరికి అతిథులుగా గాక పొరుగువారుగా నుండుడు.

తలిదండ్రులకును ఒక విన్నపము: మన ఊళ్లలోనే పని కల్పించు విద్యలను, పాడిని, పట్టుపురుగుల పెంపకమును చులకన చేయకుడు. వేరుగల ఊరు ఒకరికి కొమ్మ కాదు.

అభ్యాసము

1. మీ వీథిలో ప్రతిదినము పరవూరికి పనికి పోవువారు ఎందరు? వారు ఏడాదికి ఎన్ని గంటలు దారిలో గడుపుచున్నారు?
2. మీ ఊరి చెరువు మిగులునీరు ఏ చెరువునకు పారును? పటము గీయుడు.
3. మీ ఎదురింటివారి పేర్లన్నియు చూడక వ్రాయుడు.