భూవాయువు – ఆదోని మేఘములు

ఆషాఢమాసమున ఆదోని కోటకొండ యెక్కి నిలిచినవారికి ఆకాశమున నొక వింత కానవచ్చును. నల్లని మేఘములు పడమటినుండి తూర్పునకు, ఎమ్మిగనూరు వైపు పరుగులిడుచుండును. వాని సందులలోనుండి చూచినచో, మిక్కిలి యెత్తున ఏకిన దూదివంటి తెల్లని పొరమబ్బులు తూర్పునుండి పడమటికి సాగుచుండును. క్రింద నల్లరేగడిలో ప్రత్తి విత్తిన రైతు తల యెత్తి చూచుచునే యుండును. మేఘము దాటిపోవును; చినుకు రాలదు. ఒకే ఆకాశమున రెండు గాలులేల? ఇన్ని మేఘములున్నను వాన యేల లేదు?

గాలి యొకటి కాదను మాట మన పెద్దలకు క్రొత్తది కాదు. శాంతిపర్వమున వ్యాసభగవానుడు శుకునకు వేదము చెప్పుచుండగా పెనుగాలి వీచినది. వెంటనే పాఠము నిలిపెను. పెనుగాలి వీచునపుడు వేదము చెప్పరాదను నియమము పాఠశాలలలో చదివినవారందరు ఎరిగినదే. పిల్లలకది ఆటవిడుపు. శుకుడు మాత్రము ఆటకు పోక, ఈ గాలి యెక్కడిదని యడిగెను. అందులకు సమాధానముగా ప్రవహము, ఆవహము, ఉద్వహము, సంవహము, వివహము, పరివహము, పరావహము అను ఏడు గాలులు చెప్పబడినవి. వీనిలో ఉద్వహము సముద్రజలమును పైకెత్తి మేఘములకిచ్చునట.

క్రీ.శ. 1150లో సిద్ధాంతశిరోమణి రచించిన భాస్కరాచార్యులు దీనికొక కొలత నిచ్చిరి. భూమి నంటి పండ్రెండు యోజనముల యెత్తువరకు భూవాయువు కలదు. మేఘములు, మెరుపులు దానిలోనివే. దానికి పైన ప్రవహము గ్రహనక్షత్రములను త్రిప్పుచున్నది. ఆయన లెక్కలో భూపరిధి 4,967 యోజనములు. నేటి కొలతలో నది సుమారు 40,000 కిలోమీటర్లు. కావున ఆ యోజనము ఎనిమిది కిలోమీటర్లకు కొంచెము మించును. పండ్రెండు యోజనములు సుమారు 97 కిలోమీటర్లగును. ఆదోని నుండి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు చేరు బాటను నిలువుగా నిలబెట్టినచో ఇంచుమించు అంత యెత్తు. అంతరిక్షమునకు హద్దుగా నేడు పలువురు గ్రహించునది 100 కిలోమీటర్లు.

ఇచ్చట కొందరు ఉపన్యాసకులు తొందరపడి, పూర్వులు సర్వమును కొలిచి యుంచిరని చప్పట్లు కొట్టింతురు. అది తగదు. నూరు కిలోమీటర్ల హద్దు వ్యవహారమునకై పెట్టుకొన్నదే గాని, అచ్చట గాలి తెగిపోవుట లేదు. ప్రవహమను పేరు భారతమున మేఘములను తోలు గాలికి, సిద్ధాంతమున నక్షత్రములను త్రిప్పు గాలికి వాడబడినది. గ్రహములను త్రిప్పు గాలి లేదని నేడు తెలిసినది. ఏడు పేర్లను నేటి పొరలకు ఒక్కొక్కటిగా అతికింపబూనుట భారతమునకును మేలు కాదు, విజ్ఞానమునకును మేలు కాదు. గాలి భూమినంటి యుండునది, దానికొక మేర కలదు, మేఘము ఆ మేరలోనిదే అను దర్శనము గొప్పది. అంతవరకు చెప్పుటయే ఆచార్యులకు గౌరవము.

నేటివారు చెప్పు పొరలను గూడ ఆ కర్నూలు బాటతోనే కొలువవచ్చును. అడుగున ఉన్నది ట్రోపో ఆవరణము. మన ప్రాంతమున దాని యెత్తు 16, 17 కిలోమీటర్లు. ఆదోని నుండి బయలుదేరినవాడు ఎమ్మిగనూరునకు సగము దారి దాటినంత. మొత్తము గాలిలో సుమారు అయిదింట నాలుగు పాళ్ళు, నీటియావిరి దాదాపు అంతయు ఇందులోనే ఇమిడియున్నవి. ఇందు కిలోమీటరు పైకి పోయిన కొలది వేడి ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గును. తిరుపతిలో చెమటలు గ్రక్కిన యాత్రికుడు తిరుమల చేరగనే చల్లదనము నొందుటలో నొక కారణమిది.

దానిపై 50 కిలోమీటర్ల వరకు స్ట్రాటో ఆవరణము. అందు ఓజోను సూర్యుని అతినీలలోహిత కిరణములను పీల్చుకొనుటచే పైకి పోయిన కొలది వేడి పెరుగును. 2005లో హైదరాబాదు నుండి ఎగురవేసిన బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల యెత్తున గాలిని పట్టి తెచ్చెను. అందు దొరికిన క్రొత్త సూక్ష్మజీవులలో నొకదానికి ఆర్యభట్టుని పేరు పెట్టిరి. 50 మొదలు 85 వరకు మీసో ఆవరణము, అతిశీతలము. ఉల్కలు మండిపోవునది హెచ్చుగా నచ్చటనే. ఆ పైవి థర్మో, ఎక్సో ఆవరణములు.

పొడిగాలిని నూరు పాళ్ళు చేసినచో 78 నత్రజని, 21 ప్రాణవాయువు, ఒకటికి కొంచెము తక్కువ ఆర్గాన్. బొగ్గుపులుసు వాయువు 0.04 మాత్రమే. వేరుసెనగ వేళ్ళలోని బుడిపెలు ఆ నత్రజనినే పట్టి నేలకిచ్చును. కాని రైతు ఎదురుచూచునది ఈ లెక్కలో చేరని నీటియావిరి కొరకు. అది యొకచోట మిక్కుటము, ఒకచోట శూన్యప్రాయము.

అరేబియా సముద్రమునుండి వచ్చు తడిగాలి పడమటి కనుమలను ఢీకొని పైకి లేచును. లేచి చల్లబడును, చల్లబడినంతనే ఆవిరి నీరై ఆ వాలుమీదనే కురియును. కనుమలలోని ఆగుంబెలో ఏటికి ఏడువేల మిల్లీమీటర్లకు మించి వాన కలదు. కనుమ దాటిన గాలి దిగుచు వేడెక్కును, మేఘము పలుచనగును. అవిభక్త కర్నూలు జిల్లా వార్షిక సగటు 670 మిల్లీమీటర్ల ప్రాంతము. ఆదోని మీదుగా పోవునవి వానను దింపుకొన్న మేఘములు. కొండనీడవలె ఇది వాననీడ.

ఈ పడమటి గాలి బలము నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున హెచ్చు. అదే ట్రోపో ఆవరణపు పైకప్పు దగ్గర, 14 నుండి 16 కిలోమీటర్ల యెత్తున, వానకాలమందు అతివేగముగల తూర్పుగాలి వీచును. వేసవిలో టిబెట్టు పీఠభూమి కాగుటయే దానికి ముఖ్యకారణము. దక్షిణాపథముపై వీచు ఈ గాలిని 1958లో వివరించినవారు పి. కోటేశ్వరంగారు, పిదప వారు భారత వాతావరణ శాఖకు అధిపతులైరి. కోటకొండపై కనబడు ఏకిన దూది మబ్బులు ఆ గాలి వెంట పోవునవే. తిరుపతి చేరువనున్న గాదంకిలో 1,024 యాంటెన్నాల రాడారు ఈ గాలులను క్రిందినుండి కనిపెట్టుచున్నది. చిత్తూరు దారిని తిరుపతి చేరు యాత్రికులు దాని సమీపముననే పోవుదురు.

కనుమలమీద కురిసిన నీరు మాత్రము అంతయు అచ్చటనే నిలువదు. అందు వరాహపర్వతమున గంగామూల వద్ద పుట్టిన తుంగ, భద్ర రెండును కూడలి వద్ద కలిసి తూర్పునకు మరలును. మంత్రాలయమున యాత్రికులు స్నానమాడునది, హోసపేట ఆనకట్టనుండి ఎల్లెల్సీ కాలువలో ఆదోని, ఎమ్మిగనూరు పొలములకు పారునది ఆ నీరే. పైనుండి రాని వాన మడవ దారిని వచ్చును.