చలిజ్వరం మళ్ళీ ఎందుకొస్తాది?

మా అమ్మమ్మ నన్ను ఒక మాట అడిగింది. "తట్టు ఒకసారి వస్తే మళ్ళీ రాదు. చలిజ్వరం నీకు రెండుసార్లు ఎందుకొచ్చింది? ఒంట్లో బలం లేకనా?" నాకు జవాబు తెలీలేదు. సైన్సు టీచరుగారిని అడిగి, పుస్తకం చూసి రాస్తున్నాను. తప్పులుంటే పదో తరగతి అక్కలు చెప్పండి.

మలేరియా క్రిమి పేరు ప్లాస్మోడియం. దానికి ఒకటే కణం. ఆడ అనాఫిలస్ దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వచ్చి, ముందు కాలేయంలో దూరుతుంది. అక్కడ సుమారు వారం ఉండి వేలల్లో పెరుగుతుంది. మనకేమీ తెలీదు. తరువాత ఎర్ర రక్తకణాల్లోకి పోతుంది. సుమారు 48 గంటలకి ఆ కణాలు పగులుతాయి. అప్పుడే వణుకు.

కడుపులో ఎడమవైపు ప్లీహం ఉంటుంది. చలిజ్వరంలో అది ఉబ్బితే "బల్ల" పెరిగింది అంటారు. ఎందుకు ఉబ్బుతాదంటే యుద్ధం అక్కడే జరుగుతుంది. అందులో మాక్రోఫేజ్ అనే పెద్ద తెల్లకణాలు క్రిమి ఉన్న ఎర్రకణాలను మింగేస్తాయి. డెండ్రైటిక్ కణాలని ఇంకో రకం ఉన్నాయి. అవి క్రిమి ముక్కను తమపైన పెట్టుకుని సహాయక టి కణానికి చూపిస్తాయి. టి కణం ఇంటర్ఫెరాన్ గామా అనే రసాయనం వదులుతుంది. అది తగిలితే మాక్రోఫేజ్ ఇంకా గట్టిగా పని చేస్తాది. టి కణమే బి కణాలను కూడా లేపుతుంది. అవి ప్రతిరక్షకాలు తయారు చేస్తాయి. ప్రతిరక్షకాలు అంటుకున్న క్రిమిని మింగడం సులువు.

ఇది చదివితే నాకు పోడుచేను కాపలా గుర్తొచ్చింది. పందిని చూసినవాడు కేకేస్తేనే మిగతా మంచెల మీద వాళ్ళు లేస్తారు. లేకపోతే ఎవరి నిద్ర వాళ్ళదే.

ఒళ్ళు కాలడం కూడా క్రిమి ఒక్కదాని పని కాదంట. మన కణాలు వదిలే రసాయనాలే మెదడుకు చెప్పి వేడి పెంచుతాయి. నేను నమ్మలేదు, రెండుసార్లు అడిగాను.

మరి ఇంత కాపలా ఉండి క్రిమి ఎలా తప్పించుకుంటాది? చంపే టి కణాలు వేరే ఉన్నాయి. లోపల ఏముందో పైకి చూపించే కణాన్నే అవి పట్టగలవు. కాలేయ కణం చూపిస్తుంది. ఎర్రకణానికి కేంద్రకమే లేదు, చూపించలేదు. అందుకే క్రిమికి అది మంచి ఇల్లు. ఫాల్సిపారం రకం ఇంకా గడుసుది. ఎర్రకణం పైన తన ప్రోటీన్ పెట్టి రక్తనాళం గోడకి అతుక్కుంటుంది, ప్లీహం వైపే పోదు. ఆ ప్రోటీన్‌కి సుమారు 60 జన్యువులున్నాయి. ఒకదానికి ప్రతిరక్షకాలు తయారయ్యేసరికి ఇంకోటి తొడుక్కుంటుంది. తట్టు వైరస్ ఇలా వేషం మార్చలేదు.

నాకు వచ్చింది వైవాక్స్ రకం. అది కాలేయంలో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేవగలదు. దానికే 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు ఇచ్చారు. అయిదు రోజులకి జ్వరం పోయిందని మిగతావి పెట్టెలో దాచేశాను. ఎవరికీ చెప్పలేదు.

సెలవుల్లో ఇదంతా అమ్మమ్మకి మా భాషలో చెప్పాను. కణానికి మాట దొరక్క "ఒంట్లో కాపలావాళ్ళు" అన్నాను. ఆమె అంతా విని, "అయితే కాపలావాళ్ళు మంచోళ్ళే. మాత్రలు దాచిందెవరు?" అంది.

రెండోసారి 14 రోజులూ మింగాను.