బాక్సింగ్ రింగు నుంచి నవ్వుల తెరకు

సూరత్‌లో ఉండే మనకు ‘రింగ్’ అనగానే రింగ్ రోడ్డు, దాని పొడవునా ఉన్న బట్టల మార్కెట్లు గుర్తుకు వస్తాయి. రింగ్ అంటే వలయం. పాత ఊరిని చుట్టి వచ్చే దారి కాబట్టి రోడ్డుకు ఆ పేరు తగినదే. మరి బాక్సింగ్ రింగు నలుచదరంగా ఉంటుంది కదా, దాన్ని రింగు అని ఎందుకంటారు? పూర్వం ఇంగ్లండులో ఇద్దరు తలపడుతుంటే జనం చుట్టూ గుండ్రంగా నిలబడి చూసేవారు. తర్వాత నాలుగు వైపులా తాళ్లు కట్టి చదరం చేశారు. ఆకారం మారింది, పేరు మిగిలింది.

మనుషుల విషయంలోనూ ఇంతే. ఊరు మారినా, పని మారినా, వెనకటిది కొంత మనతో వస్తుంది. బదిలీల మీద ఊళ్లు తిరిగే మనకు ఇది తెలియని సంగతి కాదు. అలా పని మార్చుకున్న ఒకాయన గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆయన అమెరికా దేశస్థుడు, పేరు మాక్సీ రోజెన్‌బ్లూమ్.

రింగులో

మాక్సీ 1932 నుంచి 1934 వరకు లైట్ హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్. ఈ తరగతిలో బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు దాటకూడదు. ఆయన దాదాపు 300 పోటీల్లో తలపడి 200కు పైగా గెలిచాడు. విచిత్రం ఏమిటంటే, అన్ని గెలుపుల్లో ప్రత్యర్థిని నాకౌట్ చేసినవి 20కి లోపే! ఆయన బలం పిడికిలిలో లేదు, కాళ్లలోనూ కళ్లలోనూ ఉంది. దెబ్బ వచ్చే క్షణాన్ని పసిగట్టి తప్పుకునేవాడు. పిడికిలి బిగించకుండా, తెరిచిన గ్లోవుతో చెంపదెబ్బల్లా కొట్టేవాడు. అందుకే డేమన్ రన్యన్ అనే పత్రికా రచయిత ఆయనకు ‘స్లాప్సీ మాక్సీ’ అని పేరు పెట్టాడు. మన భాషలో ‘చెంపదెబ్బల మాక్సీ’ అనుకోవచ్చు.

తెర మీద

బాక్సింగ్ ఆడుతూనే మాక్సీ సినిమాల్లో అడుగుపెట్టాడు. 1939లో పోటీలు మానేశాక నటనే ఆయనకు ముఖ్యమైన పని అయింది. 1937లో ‘నథింగ్ సేక్రెడ్’, 1938లో ‘ది అమేజింగ్ డాక్టర్ క్లిటర్‌హౌస్’ వంటి సినిమాల్లో కనిపించాడు. 1951లో మరో మాజీ చాంపియన్ మాక్స్ బేర్‌తో కలిసి ‘స్కిపలాంగ్ రోజెన్‌బ్లూమ్’ అనే హాస్య చిత్రంలో నటించాడు. ఆయనవి ఎక్కువగా చిన్న వేషాలే. చూడటానికి మొరటు, మనసు వెన్న, బుర్ర కాస్త నెమ్మది. అలాంటి మనిషిగా కనిపించి జనాన్ని నవ్వించాడు.

ఈ రెండు పనులకూ పొత్తు ఎక్కడ? హాస్యానికి సమయం ప్రాణం. మాట ఒక్క క్షణం ముందు పడినా, వెనక పడినా నవ్వు రాదు. రింగులో ఏళ్ల తరబడి క్షణాలు లెక్కపెట్టినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? మన సూరత్‌లోనే చూడండి. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. చేనేత ఎరిగినవారు పవర్‌లూమ్ దగ్గర యంత్రాన్ని కొత్తగా నేర్చుకోవాలి. కానీ పడుగులో తెగిన పోగును పట్టే కన్ను మాత్రం పాతదే.

నవ్వు వెనక

నేర్పు ఒక్కటే మనతో రాదు, గాయమూ వస్తుంది. తలకు పదే పదే దెబ్బలు తిన్న బాక్సర్లలో కొందరికి నడక తడబడుతుందని, మాట ముద్దగా వస్తుందని 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు వైద్య పత్రికలో రాశాడు. మాక్సీ తెర మీద చూపించి నవ్వించింది సరిగ్గా అలాంటి మనిషినే. ప్రేక్షకులు నవ్విన ఆ తడబాటు నిజానికి ఒక జబ్బు లక్షణం.

1956లో ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ అనే టీవీ నాటకంలో కూడా మాక్సీ నటించాడు. దెబ్బలు తిని తిని, ఇక పోటీ చేయలేక, వేరే పని వెతుక్కునే బాక్సర్ కథ అది. 1976లో మాక్సీ చనిపోయాడు. రింగులో తలకు తగిలిన దెబ్బలే చివరి రోజుల్లో ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు.

ఇప్పుడు బాక్సింగులో జాగ్రత్తలు పెరిగాయి. 2022, 2023లలో ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ తలకు రక్షణ కవచంతో పోటీ పడింది. అయితే కవచం ఉన్నంత మాత్రాన లోపల మెదడు అదరకుండా ఉండదు. అందుకే దెబ్బ తిన్నవారు తడబడితే రిఫరీ ఆట ఆపి ఎనిమిది వరకు లెక్కపెడతారు. అవసరమైతే వైద్యుడి సలహాతో పోటీనే నిలిపేస్తారు.

మాక్సీని చూసి నవ్వడం తప్పా? కాదు. నవ్వించడం ఆయన కష్టపడి సంపాదించుకున్న విద్య, జనం నవ్వితేనే ఆయనకు గెలుపు. కానీ నటుడు తెర మీద తడబడితే అది నటన. మన తరగతికి కొత్తగా వచ్చినవారు గుజరాతీలోనో, హిందీలోనో తడబడితే అది నటన కాదు. వారు ఏ ఊరు విడిచి వచ్చారో, ఏ స్నేహాలు వదులుకుని వచ్చారో మనకు తెలియదు. నవ్వే ముందు ఒక్క క్షణం ఆగడం మనమూ నేర్చుకోవలసిన విద్యే.

ఆలోచించండి

1. బాక్సింగ్ రింగు చదరంగా ఉన్నా దాన్ని రింగు అని ఎందుకంటారు?
2. బాక్సింగులోని ఏ నేర్పు మాక్సీకి హాస్యంలో పనికివచ్చింది?
3. మీరు వెనకటి ఊరి నుంచి ఈ ఊరికి తెచ్చుకున్న ఒక నేర్పు గురించి ఐదు వాక్యాలు రాయండి.

పదాలు – అర్థాలు

పడుగు: మగ్గం మీద నిలువుగా సాగే దారాలు
పోగు: దారం
ప్రత్యర్థి: పోటీలో ఎదుటి వ్యక్తి
పొత్తు: సంబంధం