పాతయంత్రమునకు కొత్తబలము

వస్తువు పాతబడినంతమాత్రమున దానిని పారవేయువాడు ధనమును పోగొట్టుకొనును. అది పనికిరాకపోయినను విడువనివాడు కాలమును పోగొట్టుకొనును. ఈ రెండింటి నడుమనున్న త్రోవను కనుగొనుటయే వివేకము.

కృష్ణాడెల్టాలో పుట్టి పెరిగినవారు దీనికి ఉదాహరణమును దూరదేశములలో వెదకనక్కరలేదు. విజయవాడవద్ద కృష్ణానదిపై 1852వ సంవత్సరమున ఆనకట్ట నిర్మాణము ఆరంభమై 1855లో పూర్తియయ్యెను. దాదాపు నూరేండ్లపాటు అది డెల్టాకు అన్నము పెట్టెను. 1952లో దానికి గండి పడెను. అంతట ఇంజనీర్లు ఏమి చేసిరి? డెల్టా అంతటను కొత్తకాలువలు త్రవ్వించిరా? లేదు. చెడినది నదిమీది కట్టడము. కాలువలు పనికివచ్చునవియే. కావున నదిపై కొత్త బ్యారేజీని మాత్రము నిర్మించిరి. 1957లో పూర్తియైన ఆ కట్టడమే ప్రకాశం బ్యారేజీ. బంటుమిల్లి కాలువకు నేడు నీరు అందుచున్నది ఆ బ్యారేజీనుండియే. చెడిన భాగమును గుర్తించి దానిని మార్చుట, మంచిభాగములను నిలుపుకొనుట అను ఈ నీతియే ఇంటిలోని కంప్యూటరునకును వర్తించును.

కంప్యూటరును భాగములవారీగా మార్చుకొను వీలు ఎట్లు కలిగినది? అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ 1981 ఆగస్టు 12వ తేదీన తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించెను. దాని పెట్టెలో అదనపు పలకలను గుచ్చుటకు ఐదు స్లాట్లు ఉండెను. కనీసపు నమూనాలో జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు మాత్రమే. కొనినవారు తరువాత దానిని పెంచుకొనవచ్చును. ఆ యంత్రపు నిర్మాణవివరములను సంస్థ బహిరంగముగా ప్రచురించుటచే ఇతరులును దానికి సరిపడు భాగములను తయారుచేయగలిగిరి. నేటి బల్లమీది కంప్యూటరు ఆ సంప్రదాయమునకు వారసురాలు.

దాని భాగములను అర్థము చేసికొనుటకు ఒక పచారీ దుకాణమును తలచుకొనుడు. ముందు గుమాస్తా కూర్చుండి లెక్కలు కట్టును. అతని యెదుట ఒక బల్ల యుండును. అప్పటికి కావలసిన సరుకులు దానిమీద ఉండును. వెనుక గోదాములో సరుకంతయు నిలువయుండును. కంప్యూటరులో ప్రాసెసరు గుమాస్తా, ర్యాము బల్ల, డిస్కు గోదాము. విద్యుత్తు ఆగినతోడనే బల్ల ఖాళీ యగును. గోదాములోనిది మాత్రము నిలిచియుండును. వీనినన్నిటిని కలుపు పలక మదర్ బోర్డు. వీనికి తగిన విద్యుత్తును అందించునది ఎస్.ఎం.పి.ఎస్. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను గోదాము దూరమైనచో బేరము ఆలస్యమగును. బల్ల ఇరుకైనచో అతడు మాటిమాటికి గోదామునకు పోవలసివచ్చును. యంత్రము మందగించినపుడు ఆలస్యము ఈ మూడింటిలో ఎక్కడ కలుగుచున్నదో తెలిసికొనుటయే మొదటిపని.

ఈ సంగతి స్పష్టమగుటకు బంటుమిల్లిలో ఒక రైతు కుటుంబము కలదని ఊహింపుడు. వారికి కొంత వరిపొలము, ఒక చేపలచెరువు కలవు. ఇంట పదేండ్లనాటి కంప్యూటరొకటి యున్నది. తండ్రి దానిలో చేపలమేత లెక్కలు వ్రాసికొనును. ఉన్నతపాఠశాలలో చదువు కుమార్తె పాఠములు చూచుకొనును. కొంతకాలముగా ఆ యంత్రము మిక్కిలి మందగించినది. ఒకనాడు బందరునుండి మేనమామ వచ్చెను.

“బావగారూ! దీని ప్రాసెసరు పాతది. కొత్తది వేయించినచో గుఱ్ఱమువలె పరుగెత్తును” అని అతడు చెప్పెను.

తండ్రివద్ద కొంత సొమ్ము ఉన్నది. అది కుమార్తెను కళాశాలలో చేర్చుటకై ఏటేట కూడబెట్టినది. కొత్త ప్రాసెసరు పాత మదర్ బోర్డులో అమరదు. దానిని మార్చినచో మదర్ బోర్డును, ర్యామును కూడ మార్చవలెను. ఆ సొమ్ములో పెద్దభాగము దానికే చెల్లిపోవును. తండ్రి ఏమియు తోచక కుమార్తె వంక చూచెను.

“మామయ్యా! ఏ భాగము ఆలస్యము చేయుచున్నదో మొదట చూచెదము. తరువాత కొనవచ్చును” అని ఆమె పలికెను.

ఆ మాటలో కాలువచివరి రైతులందరికి తెలిసిన న్యాయమున్నది. శివారు పొలమునకు నీరందనపుడు పొలములోని బోదెను వెడల్పు చేసిన ప్రయోజనమేమి? ఎగువనున్న తూము పూడియున్నచో బోదె ఎంత పెద్దదైనను పొలము తడియదు. మొదట కాలువగట్టు వెంబడి నడచి అడ్డు ఎక్కడ నున్నదో చూడవలెను.

కంప్యూటరులో ఇట్లు చూచుటకు సాధనము కలదు. విండోసులో దానికి టాస్క్ మేనేజర్ అని పేరు. ఏ భాగము ఎంత పనిలో మునిగియున్నదో అది నూటికి ఇంత అని చూపును. బాలిక యంత్రమును తెరచి, అది మందముగా కదలుచున్న సమయముననే ఆ పట్టికను పరిశీలించెను. ప్రాసెసరు నూటికి ఇరువదివంతులు మాత్రమే పనిచేయుచున్నది. ర్యాము సగము నిండియున్నది. డిస్కు మాత్రము నూటికి నూరువంతులు పనిలోనున్నది. గుమాస్తా తీరికగా కూర్చుండి సరుకు కొఱకు ఎదురుచూచుచున్నాడు!

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. డిస్కు నిండుగా పనిచేయుచున్నంతమాత్రమున దోషము డిస్కుదే యని నిశ్చయింపరాదు. ర్యాము చాలనపుడు యంత్రము మిగిలిన సమాచారమును డిస్కుమీదనే తాత్కాలికముగా ఉంచి మరల తెచ్చుకొనును. అప్పుడు లక్షణము డిస్కులో కనబడినను మూలము ర్యాములో ఉండును. ఈ యింట ర్యాము సగము ఖాళీగానున్నది. కనుక ఆలస్యమునకు కారణము డిస్కే యని తేలినది.

డిస్కు ఏల ఆలస్యము చేయును? పాతరకపు హార్డ్ డిస్కులో తిరుగు పళ్ళెములుండును. సామాన్యముగా అవి నిముషమునకు 7200 చుట్లు, అనగా సెకనునకు 120 చుట్లు తిరుగును. కావలసిన సమాచారము చదువు ముల్లు క్రిందికి వచ్చువరకు సగటున అరచుట్టు ఆగవలెను. అది సెకనులో 240వ వంతు. సుమారు 4 మిల్లీసెకనులు. ముల్లు ఆ చోటికి జరుగుటకు మరికొన్ని మిల్లీసెకనులు పట్టును. ఎస్.ఎస్.డి. అను కొత్తరకపు డిస్కులో తిరుగునది ఏదియు లేదు. సమాచారము సుమారు మిల్లీసెకనులో పదవవంతులోనే దొరకును. యంత్రము మేల్కొనునపుడు చిన్నచిన్న ఫైళ్ళను వేలకొలది చదువును. కావున ఈ భేదము కంటికి కనబడునంత పెద్దదగును.

జీన్ ఆమ్డాల్ అను అమెరికా ఇంజనీరు 1967లో ఒక సూత్రమును వివరించెను. ఒక పనిలో ఏదో ఒక భాగమును మాత్రము వేగవంతము చేసినచో, కలుగు లాభము మొత్తముపనిలో ఆ భాగమునకు గల వాటాను మించదు. మన ఉదాహరణములో యంత్రము సిద్ధమగుటకు 100 సెకనులు పట్టుచున్నదనుకొనుడు. అందు 80 సెకనులు డిస్కు కొఱకు వేచియుండుట. 20 సెకనులు ప్రాసెసరు పని. ప్రాసెసరు వేగమును రెండింతలు చేసినచో 20 సెకనులు 10 అగును. మొత్తము 90 సెకనులు. డిస్కు వేగమును పదింతలు చేసినచో 80 సెకనులు 8 అగును. మొత్తము 28 సెకనులు. లోకములోకెల్ల వేగమైన ప్రాసెసరును తెచ్చినను, పాతడిస్కుతో 80 సెకనులకు తగ్గుట అసాధ్యము. మేనమామ చెప్పిన మార్పు వలన సొమ్మంతయు పోయి, పది సెకనులు మాత్రమే మిగిలియుండెడివి.

సొమ్ము వెచ్చించుటకు ముందు వెచ్చింపకయే చేయదగిన పనులు కొన్ని కలవు. యంత్రము తెరువగనే తమంత తాము మొదలగు ప్రోగ్రాములలో అక్కరలేనివానిని ఆపవలెను. పెట్టెలోని దుమ్మును మెత్తని కుంచెతో తీయవలెను. పంకాకు దుమ్ము పట్టినచో ప్రాసెసరు వేడెక్కును. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. సముద్రమునకు చేరువనున్న ప్రదేశములలో తేమ, ఉప్పుగాలి లోహపు అంచులను తినివేయును గనుక పెట్టెను తడిగోడకు దూరముగా ఉంచవలెను.

కొనదలచిన భాగము తన యంత్రమునకు అమరునో లేదో చూచుట తరువాతి పని. ర్యాములో డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను తరములు కలవు. ఒక తరపు పలక వేరొక తరపు స్లాటులో దూరకుండ వాని గంట్లను వేరువేరు చోట్ల పెట్టిరి. బలవంతముగా నొక్కినచో పలకయు, స్లాటును రెండును పాడగును. కొన్ని ల్యాప్‌టాపులలో ర్యాము మదర్ బోర్డునకే అతికింపబడియుండును. వానిలో దానిని మార్చుటకు వీలులేదు. ఎక్కువ విద్యుత్తు కోరు గ్రాఫిక్స్ కార్డు వంటిది చేర్చునపుడు ఎస్.ఎం.పి.ఎస్. ఆ భారమును మోయగలదా యని విచారింపవలెను.

అమర్చునపుడు క్రమమును తప్పరాదు. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు మరొకచోట ప్రతి తీసికొనవలెను. యంత్రము పోయినను మరల కొనవచ్చును గాని వ్రాసికొన్న లెక్కలను కొనలేము. పిమ్మట యంత్రమును ఆపి, తీగను గోడనుండి ఊడదీయవలెను. చేతిలోని స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగములను చెరుపగలదు గనుక పెట్టె లోహభాగమును తాకి, ఆ పిమ్మట పని మొదలిడవలెను. ఒక్కమారు ఒక్క భాగమునే మార్చి ఫలితమును పరీక్షింపవలెను. రెండు భాగములను ఒకేసారి మార్చినచో దోషము దేనివలన వచ్చినదో తెలియదు.

ఇంతవరకు ఏది మార్చవలెనో తెలిసినది. ఎప్పుడు మార్పులు మానవలెనో కూడ తెలియవలెను. పాతయంత్రమునకు వేయదలచిన భాగముల వెల కొత్తయంత్రపు వెలలో సగమునకు చేరినచో ఆగి ఆలోచించుట మంచిది. వేగము చాలియున్నను కొన్నిసార్లు వేరొక కారణము అడ్డువచ్చును. విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించెను. 2021లో వెలువడిన విండోస్ 11 కనీసము 4 గిగాబైట్ల ర్యామును, 64 గిగాబైట్ల డిస్కును, టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనమును కోరును. పదేండ్లనాటి ప్రాసెసర్లను అది అంగీకరింపదు. భద్రతాసవరణలు లేని యంత్రమును ఇంటర్నెట్టులో వాడుట తలుపునకు గడియలేని ఇంట నిద్రించుట వంటిది. అయితే అట్టి యంత్రములన్నియు పారవేయదగినవి కావు. లినక్స్ అను ఉచిత ఆపరేటింగ్ సిస్టమును వానిలో అమర్చుకొనవచ్చును. దానిలో తెలుగు చదువుటకును, వ్రాయుటకును వీలు కలదు.

మనము ఊహించిన కుటుంబము ఈ విషయములన్నియు విచారించెను. బాలిక మరొక మెలకువ చెప్పెను: “నాన్నగారూ! డి.డి.ఆర్.3 ర్యాము కొన్నచో అది ఈ యంత్రముతోనే పోవును. ఎస్.ఎస్.డి. కొన్నచో రేపు కొత్తయంత్రము కొన్నప్పుడు దానిలో పెట్టుకొనవచ్చును.” కావున వారు ఒక చిన్న ఎస్.ఎస్.డి.ని కొని, లినక్స్ అమర్చిరి. మేతలెక్కలును, పాఠములును సాగినవి. కళాశాలసొమ్ము దాదాపు అట్లే నిలిచినది. పాతడిస్కును వారు అదనపు ప్రతులకు మాత్రము వాడిరి; వయసుమీరినదానిని నమ్మి ఏకైక ప్రతిని అందుంచలేదు.

ఇక పూర్తిగా పనికిరాని భాగముల మాట. పాతపలకలలో సీసము వంటి హానికరమైన లోహములుండును. వానిని చెరువుగట్టున పారవేసినను, కాల్చినను ఆ విషము నీటిలోను, గాలిలోను కలియును. భారతప్రభుత్వము 2022లో చేసి 2023 ఏప్రిల్ 1నుండి అమలుపరచిన నియమముల ప్రకారము, ఇట్టి వ్యర్థములను శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులపై కలదు. వానిని అట్టి సేకరణకేంద్రములకు అప్పగించుట పౌరుల ధర్మము.

కొత్తదని మోజుపడుట సులభము. పాతదని రోసిపోవుటయు సులభమే. అడ్డు ఎక్కడ నున్నదో ఓపికతో చూచి, లెక్కకట్టి, అంతమాత్రమే మార్చుట కష్టము. ఆ కష్టమునకు పట్టునది ఒక్క సాయంకాలము. దానివలన మిగులునది ఒక కుటుంబము ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము.

ప్రశ్నలు

1. కృష్ణా ఆనకట్ట చరిత్రమునుండి కంప్యూటరు విషయమున నేర్వదగిన నీతి యేమి?
2. ర్యాము చాలనపుడు డిస్కుపై భారమేల పెరుగును? పచారీ దుకాణపు పోలికతో వివరింపుడు.
3. ఒక పనికి 60 సెకనులు పట్టును. అందు 45 సెకనులు డిస్కువలన కలిగినవి. డిస్కు వేగము మూడింతలైనచో మొత్తము ఎన్ని సెకనులు పట్టును?
4. మీ యింటిలోని పాతవస్తువు నొకదానిని తీసికొని, దానిని బాగుచేయుట మేలో, మార్చుట మేలో కారణములతో వ్రాయుడు.